పటంలో రంగు మారితే...

పిట్టలవానిపాలెంలో ఏ భూమి దేనికో ఊరందరికీ తెలుసు. ఇది మాగాణి. ఇక్కడ వరి పండుతుంది. వరి వెనక మినుము వేస్తారు. ఇది కళ్ళం. ఇక్కడ కుప్ప నూరుస్తారు. అది చెరువు. అది శ్మశానం. ఇవి ఇళ్ళు.

ఎవరూ శ్మశానం పక్కన ఇల్లు కట్టుకోరు. తాగే నీళ్ళ చెరువులో గేదెల్ని కడగనివ్వరు. ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు. అయినా అందరూ పాటిస్తారు. ఎందుకు? ఏది ఎక్కడ ఉండాలో పెద్దలు ముందే ఆలోచించి పెట్టారు కాబట్టి.

పట్నం సంగతి వేరు. అక్కడ లక్షల మంది ఉంటారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అందుకే అక్కడ ఏ భూమి దేనికో పటం మీద గీస్తారు. రంగులు వేస్తారు. ఆ పటం పేరే మాస్టర్ ప్లాన్.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

బాపట్ల, పొన్నూరు, రేపల్లె వైపు పల్లెల నుంచి పని కోసం హైదరాబాదు వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. నిడుబ్రోలులోనో, బాపట్లలోనో రైలెక్కి పోయినవాళ్ళు అక్కడే స్థిరపడ్డారు.

అలాంటి ఒక కుటుంబాన్ని అనుకుందాం. తల్లి పిట్టలవానిపాలెంలో ఉంటుంది. సాక్షరతా ఉద్యమం రోజుల్లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చింది. ఇప్పుడు కూడబలుక్కుని పేపరు చదువుతుంది. కొడుకు హైదరాబాదు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని చేస్తాడు. పనిలో చేరి 12 ఏళ్ళయింది.

ఒకరోజు తల్లి పేపరు చదివి కొడుక్కి ఫోను చేసింది.

"అబ్బాయ్, మీ హైదరాబాదులో ఫ్యాక్టరీలున్న చోట ఇళ్ళు కట్టుకోవచ్చని రాశారు. నిజమేనా?"

"అవునంటమ్మా. ఇక్కడా అదే మాట. పొగ పోతుంది. మంచిదే కదా!"

"పొగ పోతే మంచిదే. మరి నీ పని?"

కొడుకు కాసేపు మాట్లాడలేదు.

"ఇంకో సంగతిరా. పాత ఫ్యాక్టరీ స్థలంలో రెండు గదుల ఇల్లు కొంటానన్నావు. అడ్వాన్సు కట్టావా?"

"ఇంకా లేదమ్మా. వచ్చే నెల కడదామనుకుంటున్నా."

"ఆగు. ముందు ఆ స్థలం సంగతి తెలుసుకో. చేను కొనేటప్పుడు నాలుగు గట్లూ తిరిగి చూస్తాం కదా. డబ్బు పోసి ఇల్లు కొనేటప్పుడు చూడక్కర్లేదా?"

ఆ తల్లి అడిగింది సరైన ప్రశ్న. ఫ్యాక్టరీల భూమి ఇళ్ళ భూమిగా మారితే ఎవరికి లాభం? ఎవరికి నష్టం? మనిషి ఏం చూసుకోవాలి?

రంగుల అర్థం ఏమిటి?

మాస్టర్ ప్లాన్‌లో ఒక్కో పనికి ఒక్కో రంగు ఉంటుంది. మామూలుగా ఇళ్ళకు పసుపు రంగు. ఫ్యాక్టరీలకు ఊదా రంగు. దుకాణాలకు నీలం. పార్కులకు, పొలాలకు ఆకుపచ్చ.

పసుపు రంగు ఉన్నచోట ఇల్లు కట్టుకోవచ్చు. రసాయనాల ఫ్యాక్టరీ పెట్టకూడదు. ఊదా రంగు ఉన్నచోట ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చు. ఇళ్ళ అపార్టుమెంటు కట్టకూడదు. కట్టాలంటే ముందు పటంలో రంగు మారాలి. దీన్నే భూవినియోగ మార్పిడి అంటారు. భూవినియోగం అంటే భూమిని దేనికి వాడుతున్నాం అన్నది.

రంగు మార్చడం ఒక్కరి ఇష్టం కాదు. మామూలుగా భూమి యజమాని దరఖాస్తు పెట్టాలి. అధికారులు స్థలం చూడాలి. పేపర్లో ప్రకటన వేయాలి. అభ్యంతరాలు ఉంటే చెప్పమని ప్రజలను అడగాలి. యజమాని రుసుము కట్టాలి. అప్పుడు ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది.

హైదరాబాదులో ఏం జరిగింది?

హైదరాబాదులో నిజాం కాలంలోనే ఆజమాబాదులో ఫ్యాక్టరీల పేట వెలిసింది. తర్వాత సనత్‌నగర్, బాలానగర్, ఉప్పల్, నాచారం, కాటేదాన్, జీడిమెట్ల వంటి చోట్ల పారిశ్రామిక వాడలు వచ్చాయి. 1973లో ప్రభుత్వం ఏపీఐఐసీ అనే సంస్థను పెట్టింది. ఫ్యాక్టరీలకు భూమి, రోడ్లు, కరెంటు, నీళ్ళు సమకూర్చడం దాని పని. పరిశ్రమ వస్తే పది మందికి పని దొరుకుతుందని చాలాచోట్ల భూమిని తక్కువ ధరకు ఇచ్చారు.

అప్పట్లో ఈ వాడలు ఊరి బయట ఉండేవి. కానీ పట్నం పెరిగింది. ఫ్యాక్టరీలను దాటుకుని అవతలికి పోయింది. ఫ్యాక్టరీలు ఊరి నడిబొడ్డున మిగిలాయి. ఒకవైపు గొట్టంలోంచి పొగ. ఇంకోవైపు డాబా మీద ఆరేసిన బట్టలు. కొన్ని ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వాటి స్థలాలు ఖాళీగా పడి ఉన్నాయి. ఆ భూమి ధర మాత్రం ఆకాశానికి అంటింది.

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక కొత్త విధానం తెచ్చింది. దాన్ని పొట్టిగా 'హిల్ట్' అన్నారు. అవుటర్ రింగు రోడ్డు లోపల, దాని దగ్గర ఉన్న 22 పారిశ్రామిక వాడలకు ఇది వర్తిస్తుంది. మొత్తం సుమారు 9,292 ఎకరాలు. ఫ్యాక్టరీ యజమాని రుసుము కడితే ఆ భూమిలో ఇళ్ళు, ఆఫీసులు, ఆసుపత్రులు, బళ్ళు కట్టుకోవచ్చు.

రుసుము ఎంత? రిజిస్ట్రేషన్ ఆఫీసు ధరలో 30 శాతం. పక్కనున్న రోడ్డు వెడల్పు 80 అడుగులు, అంతకన్నా ఎక్కువ ఉంటే 50 శాతం.

ఒక లెక్క వేసి చూడండి. రిజిస్ట్రేషన్ ధర గజానికి 10,000 రూపాయలు అనుకుందాం. ఎకరానికి 4,840 గజాలు. అంటే ఎకరం ధర 4 కోట్ల 84 లక్షలు. అందులో 30 శాతం అంటే 1 కోటి 45 లక్షల 20 వేలు. 50 శాతం అంటే 2 కోట్ల 42 లక్షలు.

ఈ విధానం మీద పెద్ద వాదన నడిచింది. కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు పట్నం బయటికి పోతాయి, ప్రభుత్వానికి ఆదాయం వస్తుంది అని ప్రభుత్వం చెప్పింది. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. బజారు ధర రిజిస్ట్రేషన్ ధర కన్నా ఎంతో ఎక్కువ, పని కల్పిస్తారని చవకగా ఇచ్చిన భూమి మీద యజమానులకు ఇప్పుడు భారీ లాభం వస్తుంది అని అవి విమర్శించాయి.

రెండు వాదనలూ వినాలి. కానీ భూమి ధర ఒక్కటే లెక్క కాదు. ఇంకా మూడు లెక్కలున్నాయి. పని లెక్క. మట్టి లెక్క. పక్కింటి లెక్క.

మొదటిది: పని లెక్క

ఫ్యాక్టరీ పోతే అందులో పనిచేసేవాళ్ళ గతి ఏమిటి? ఇందుకు బొంబాయి ఒక పాఠం.

బొంబాయిలో ఒకప్పుడు బట్టల మిల్లులు చాలా ఉండేవి. తెలంగాణ నుంచి వెళ్ళిన నేత కుటుంబాలవాళ్ళు కూడా ఆ మిల్లుల్లో పని చేశారు. 1982 జనవరిలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె ఏడాదికి పైగా సాగింది. చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. వాటి కింద ఉన్న భూమి సుమారు 600 ఎకరాలు. అదీ పట్నం నడుమ.

1991లో అక్కడి ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. మిల్లు భూమి అమ్మితే మూడు వాటాలు చేయాలి. ఒక వాటా పార్కులకు, మైదానాలకు. ఒక వాటా పేదల ఇళ్ళకు. ఒక వాటా యజమానికి. వినడానికి బాగుంది కదా!

2001లో ఆ నియమం మార్చారు. మిల్లు షెడ్డులున్న భూమిని లెక్కలోంచి తీసేశారు. ఖాళీగా ఉన్న భూమిని మాత్రమే మూడు వాటాలు వేయాలన్నారు. దాంతో పార్కుల వాటా, పేదల వాటా బాగా తగ్గిపోయాయి. కొందరు కోర్టుకు వెళ్ళారు. 2006లో సుప్రీంకోర్టు కొత్త నియమమే చెల్లుతుందని తీర్పు చెప్పింది. మిల్లులున్న చోట పెద్ద పెద్ద భవనాలు లేచాయి. ఇళ్ళ కోసం లక్షన్నరకు పైగా కార్మికుల కుటుంబాలు దరఖాస్తు పెట్టుకున్నాయి. ఇళ్ళు అందింది అందులో కొద్దిమందికే.

నియమంలో ఒక్క మాట మారితే ఎన్ని కుటుంబాల బతుకు మారిందో చూడండి.

మరి జీడిమెట్ల కొడుక్కి ఏం హక్కులున్నాయి? మన దేశంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీ మూసేస్తే పరిహారం ఇవ్వాలన్న నియమం పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. 12 ఏళ్ళకు 180 రోజుల వేతనం. రోజుకు 500 రూపాయలైతే 90,000 రూపాయలు. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు దీనికి వేరుగా రావాలి.

కానీ ఒక చిక్కుంది. ఈ డబ్బు రావాలంటే ఎన్నేళ్ళు పని చేశాడో రుజువు ఉండాలి. ఫ్యాక్టరీ రికార్డుల్లో పేరు ఉండాలి. జీతం చీటీ ఉండాలి. గుర్తింపు కార్డు ఉండాలి. చేతికి డబ్బిచ్చి పంపేస్తే రుజువు ఏది? అందుకే ప్రతి చీటీ దాచుకోవాలి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

రెండోది: మట్టి లెక్క

ఫ్యాక్టరీ షెడ్డు కూల్చేస్తే కనిపించకుండా పోతుంది. కానీ మట్టిలో ఇంకిన విషం పోతుందా?

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. వాగు నీళ్ళు, బావుల నీళ్ళు పాడయ్యాయి. పొలాలు దెబ్బతిన్నాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

అమెరికాలో ఇంకా పెద్ద సంగతి జరిగింది. అక్కడ నయాగరా ఫాల్స్ అనే పట్టణం ఉంది. అందులో లవ్ కెనాల్ అనే పేట. 1942 నుంచి సుమారు పదేళ్ళు ఒక రసాయనాల కంపెనీ తన వ్యర్థాలను అక్కడి పాత కాలువలో పూడ్చింది. పైన మట్టి కప్పింది. 1953లో ఆ స్థలాన్ని బడి కోసం ఒక్క డాలరుకు ఇచ్చేసింది. ఇక్కడ రసాయనాల వ్యర్థాలు ఉన్నాయని దస్తావేజులో రాసే ఇచ్చింది. అయినా అక్కడ బడి కట్టారు. చుట్టూ ఇళ్ళు కట్టారు. ఇళ్ళు కొన్న చాలామందికి ఆ మాట తెలియనే తెలియదు.

కొన్నేళ్ళకు వానలు ముదిరాయి. ఇళ్ళ అడుగున నల్లని ద్రవం ఊరింది. పిల్లలకు జబ్బులు వచ్చాయి. లోయిస్ గిబ్స్ అనే ఒక తల్లి ఆ పేటలో ఉండేది. ఆమె కొడుకు ఆ బడిలోనే చదివేవాడు. ఆమె మామూలు గృహిణి. ఇంటింటికీ తిరిగింది. ఎవరికి ఏ జబ్బు ఉందో అడిగి రాసుకుంది. ఇరుగు పొరుగును కూడగట్టింది. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆ పేటలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. వందల కుటుంబాలను అక్కడి నుంచి తరలించారు. విషపు భూములను శుభ్రం చేయడానికి 1980లో ఆ దేశం ప్రత్యేకంగా చట్టం చేసింది.

దస్తావేజులో రాసిన ఒక్క మాటను అందరూ ముందే చదివి ఉంటే? ఇంత కష్టం వచ్చేదా?

అందుకే పాత ఫ్యాక్టరీ స్థలంలో ఇల్లు కొనేవాళ్ళు మొదట అడగాల్సింది ఇది. ఇక్కడ ఇంతకు ముందు ఏం తయారు చేశారు? బిస్కట్లా, బోల్టులా, మందులా, రంగులా? మట్టికి, బోరు నీళ్ళకు పరీక్ష చేయించారా? ఆ పరీక్ష కాగితం ఎక్కడ?

మూడోది: పక్కింటి లెక్క

ఒక వాడలో ఫ్యాక్టరీలన్నీ ఒకేసారి పోవు. ఒక యజమాని రుసుము కట్టి అపార్టుమెంటు కడతాడు. పక్క యజమాని రసాయనాల ఫ్యాక్టరీ అలాగే నడుపుతాడు. అప్పుడు గోడకు ఇటు పిల్లలు ఆడుకుంటారు. అటు ట్యాంకులో రసాయనం ఉంటుంది.

ఇది ఎంత ప్రమాదమో విశాఖపట్నం వాళ్ళకు తెలుసు. అక్కడ వెంకటాపురం దగ్గర 1961లో ఒక ఫ్యాక్టరీ పెట్టారు. అప్పట్లో చుట్టూ జనం తక్కువ. తర్వాత ఊరు పెరిగి ఫ్యాక్టరీ గోడ దాకా వచ్చింది. ఫ్యాక్టరీ చేతులు మారి ఎల్జీ పాలిమర్స్ అయింది. 2020 మే 7 తెల్లవారుజామున ట్యాంకులోంచి స్టైరీన్ అనే ఆవిరి లీకయింది. నిద్రలో ఉన్న జనం ఊపిరాడక పరుగులు తీశారు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. పశువులు చచ్చిపోయాయి. ఇలాంటి ఫ్యాక్టరీ జనావాసాల మధ్య ఉండకూడదని ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పింది.

ఫ్యాక్టరీల వల్ల ఎంత కాలుష్యమో తెలిపేందుకు కాలుష్య నియంత్రణ మండలి వాటిని రంగులతో విడదీసింది. ఎరుపు అంటే ఎక్కువ కాలుష్యం. నారింజ అంటే అంతకన్నా తక్కువ. ఆకుపచ్చ అంటే ఇంకా తక్కువ. తెలుపు అంటే దాదాపు ఏమీ లేదు. ఇల్లు కొనేవాళ్ళు తమ స్థలం రంగు చూసుకుంటే చాలదు. పక్క ఫ్యాక్టరీ ఏ రంగో కూడా అడగాలి.

ఇంకొకటి. ఫ్యాక్టరీల కోసం వేసిన రోడ్లు, మురుగు కాలువలు ఇళ్ళకు సరిపోవు. ఒక షెడ్డులో 50 మంది పగలు పని చేసి పోతారు. అదే చోట అపార్టుమెంటు లేస్తే వెయ్యి మంది రాత్రీ పగలూ ఉంటారు. వాళ్ళకు మంచినీళ్ళు కావాలి. బడి కావాలి. ఆసుపత్రి కావాలి. పిల్లలు ఆడుకునే చోటు కావాలి. రంగు మార్చే ముందే ఇవన్నీ చూడాలి.

మనిషి ఏం చేయాలి?

ఒకటి. కొనే స్థలానికి మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగు ఉందో చూడాలి. ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థలో భూవినియోగ ధ్రువపత్రం అడగాలి. "రంగు మారిపోతుందిలెండి" అంటే నమ్మకూడదు. మారిన ఉత్తర్వు చూపించమనాలి.

రెండు. అపార్టుమెంటు 'రెరా'లో నమోదయిందో లేదో చూడాలి. రెరా 2016లో వచ్చిన చట్టం. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఇళ్ళు 8 దాటినా నమోదు చేయకుండా అమ్మకూడదు.

మూడు. పేపర్లో వచ్చే చిన్న అక్షరాల ప్రకటనలు చదవాలి. భూవినియోగం మారుస్తామన్న ప్రకటన అందులోనే వస్తుంది. అభ్యంతరం చెప్పడానికి గడువు కూడా ఉంటుంది. ఆ లోపలే రాసి ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి.

నాలుగు. వివరాలు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఇది 2005లో వచ్చింది. తెల్లకాగితం మీద అర్జీ రాస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఊరి స్థాయి ఆఫీసుల్లో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆపైన 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లోపు జవాబు ఇవ్వాలి.

ఇది పట్నం సంగతే కదా అనుకోవద్దు. డెల్టా పల్లెల్లో కూడా మాగాణి పూడ్చి ప్లాట్లు వేసేవాళ్ళున్నారు. మెరక చేసిన ప్లాటు వల్ల పక్క చేలో నీళ్ళు నిలవచ్చు. పంట కాలువ మూసుకుపోవచ్చు. రంగు పట్నంలో మారినా, పల్లెలో మారినా పక్కవాడి మీద ప్రభావం ఉంటుంది. గ్రామసభలో ఆ మాట అడగాలి.

ఆ తల్లి మళ్ళీ ఫోను చేసింది.

"ఏరా, తెలుసుకున్నావా?"

"తెలుసుకున్నానమ్మా. ఆ స్థలంలో ఇదివరకు రంగుల ఫ్యాక్టరీ ఉండేదంట. మట్టి పరీక్ష కాగితం చూపించమన్నా. రేపు, ఎల్లుండి అంటున్నారు."

"చూపించినాకే డబ్బు కట్టు. నీ జీతం చీటీలు?"

"అన్నీ ఒక సంచిలో పెట్టానమ్మా. మా వాళ్ళందరికీ కూడా చెప్పా."

"మంచి పని చేశావు నాయనా," అంది తల్లి.

కొత్త మాటలు

మాస్టర్ ప్లాన్: ఊరు ఎలా పెరగాలో ముందుగా గీసిన పటం.
భూవినియోగం: భూమిని దేనికి వాడుతున్నాం అన్నది.
పారిశ్రామిక వాడ: ఫ్యాక్టరీల కోసం కేటాయించిన చోటు.
అభ్యంతరం: 'ఇది వద్దు, ఎందుకంటే...' అని రాసి ఇచ్చే మాట.
పరిహారం: నష్టానికి బదులుగా ఇచ్చే డబ్బు.

చర్చించండి

1. మీ ఊళ్ళో ఏ భూమి దేనికి వాడుతున్నారు? నేల మీద ముగ్గుతో ఊరి పటం గీయండి.
2. గత పదేళ్ళలో మాగాణి ఎక్కడ ప్లాట్లుగా మారింది? పక్క పొలాలకు ఏమయింది?
3. మీ ఊరి నుంచి ఫ్యాక్టరీ పనికి వెళ్ళినవాళ్ళు ఎవరు? వాళ్ళ దగ్గర జీతం చీటీలు ఉన్నాయా?
4. రిజిస్ట్రేషన్ ధర గజానికి 20,000 రూపాయలైతే ఎకరానికి 30 శాతం రుసుము ఎంత? లెక్క కట్టండి.